పేరుకూ ఊరికీ మధ్య గీత

సాఫ్ట్‌వేర్ పని నుంచి రిటైరయ్యానని చెబితే వనపర్తిలో నా విద్యార్థులు నవ్వుతారు. ముప్పై మూడేళ్లకు రిటైర్మెంట్ ఏమిటని వాళ్ల అనుమానం. కానీ నేను మాట జాగ్రత్తగానే వాడుతున్నాను. తొమ్మిదేళ్లు ఒకే రకం పని చేశాను: పెద్ద కంపెనీల వ్యవహారాలు నడిపే ప్రోగ్రాములకు నక్షా గీయడం. ఆ పని పూర్తిగా వదిలేసి, ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మళ్లీ అటు వెళ్లే ఉద్దేశం లేదు. చేసిన పని గురించి మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఇప్పటికీ నా గొంతు లేస్తుంది, చేతిలో సుద్దముక్క విరుగుతుంది. అందుకే రాసి పెడుతున్నాను.

ఇందులో ఉండనివి ముందే చెబుతాను. నా జీతం, ప్రమోషన్లు, ఏ భాషలో ప్రోగ్రాం రాశామన్నది, ఎన్ని పేజీల డాక్యుమెంట్లు తయారు చేశామన్నది ఉండవు. ఒక వ్యవస్థ, అందులో నేను చేసిన ఒక తప్పు, ఆ తప్పులో మాయమైపోయిన ఒక మనిషి, ఇవే ఉంటాయి. నేను నేర్చుకున్నదంతా అక్కడే ఉంది.

అసలు ఈ పని ఏమిటి

కొత్తగా చేరేవాళ్లు ఈ పనంటే డబ్బాలు గీసి వాటి మధ్య బాణాలు వేయడం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. డబ్బాలు చాలా అందంగా గీసేవాణ్ణి, స్కేలు పెట్టి.

నిజానికి ఈ పనిలో ప్రశ్నలు నాలుగే. దేన్ని గుర్తుపెట్టుకోవాలి? అది ఎవరు చెబుతారు? ఎక్కడ ఉంచాలి? రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఏది నమ్మాలి? కంపెనీ ఎంత పెద్దదైనా, ప్రోగ్రాం ఎన్ని లక్షల వరుసలైనా, ఈ నాలుగే. మొదటి మూడింటికి తెలివి చాలు. నాలుగోదానికి తెలివి చాలదని నాకు గద్వాలలో తెలిసింది.

మూడు ఊళ్లు, మూడు ఫోన్ లైన్లు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మా హైదరాబాద్ ఆఫీసుకు ఒక విత్తనాల కంపెనీ పని వచ్చింది. గద్వాల చుట్టుపక్కల రైతులు ఆ కంపెనీ కోసం హైబ్రిడ్ పత్తి విత్తనం పండించేవారు. గద్వాలతోపాటు వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో కూడా సెంటర్లు పెట్టారు. ఏ రైతు ఎంత పొలంలో వేశాడు, ఎన్ని సంచుల విత్తనం తెచ్చాడు, పరీక్షలో ఏం తేలింది, అన్నీ కాగితాల మీదే ఉండేవి. వాటిని ఒక్క వ్యవస్థలోకి తేవాలి. నాది నాగర్‌కర్నూల్ వైపు, సోమశిల దారిలోని ఊరు. కాబట్టి నన్ను పంపారు. "నీ భాష వాళ్లకు అర్థమవుతుంది" అన్నారు ఆఫీసులో. వాళ్ల భాష నాకు అర్థమవుతుందా అని ఎవరూ అడగలేదు.

విత్తనపు పత్తి సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. పొలంలో ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. సాయంత్రం ఆడ సాళ్లలో మొగ్గ మొగ్గనూ విప్పి లోపలి కేసరాలు గిల్లేయాలి. మరునాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కొక్కదానికీ పుప్పొడి అద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. ఇంటిల్లిపాదీ సుమారు రెండు నెలలు రోజూ ఇదే చేయాలి. పంట చేతికొచ్చాక విత్తనంలోంచి కాస్త శాంపిల్ తీసి, కంపెనీ వేరే పొలంలో నాటి, మొక్కలు చూసి, కల్తీ జాతి ఉందా లేదా తేలుస్తుంది. రైతులు ఆ పరీక్షను జీఓటీ అంటారు. పాసైతే విత్తనం. ఫెయిలైతే అదే గింజ నూనె మిల్లుకు పోతుంది. ఆ రైతుకు వచ్చే ఏడు నాటడానికి ఆడ, మగ విత్తనం ఇవ్వడం కూడా అనుమానమే.

అంటే మేం కట్టే వ్యవస్థలో ఒక చిన్న గడిలో పాస్ లేదా ఫెయిల్ అని పడే ఒక్క మాట, ఒక ఇంటి రెండు నెలల వేళ్ల పనిని నిలబెడుతుంది లేదా పడేస్తుంది. ఇది నాకు మొదటి రోజే అర్థమైంది. అర్థమైందని అనుకున్నాను.

మూర్తి గారి బాణాలు

మా మేనేజరు మూర్తి గారు. గోదావరి వైపు మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నా మొదటి నక్షా చూసి ఒక బాణం మీద వేలు పెట్టారు.

"డబ్బాలు బావున్నాయయ్యా. ఈ బాణం ఏంటి?"

"నాగర్‌కర్నూల్ సెంటర్ నుంచి హైదరాబాద్‌కు సమాచారం వస్తుంది సార్."

"వస్తుందంటే? దానంతటది నడిచొస్తుందా? ఎవరు పంపుతారు? ఆయనకి ఆ రోజు జ్వరమొస్తే? బాణం గీసినప్పుడల్లా దాని మీద ఒక మనిషిని నిలబెట్టు. మనిషి దొరకలేదా, ఆ బాణం అబద్ధం."

ఈ ఒక్క ముక్క కోసం ఆయనకు నేను జీవితాంతం రుణపడి ఉంటాను. మూడు సెంటర్లూ తిరిగి ప్రతి బాణం మీదా ఒక మనిషిని నిలబెట్టాను. నాగర్‌కర్నూల్ బాణం మీద గౌస్ భాయ్ నిలబడ్డారు.

గౌస్ భాయ్ అక్కడ గోదాము ఇన్‌ఛార్జి. యాభై ఏళ్లుంటాయి. సంచి మూతిని మూడు నిమిషాల్లో కుట్టేసేవారు. ఏ సంచి ఏ రైతుదో చూడకుండానే చెప్పేవారు. నేను ప్రశ్నల జాబితాతో వెళితే ముందు టీ తెప్పించి, ఆ తర్వాత నన్నే ప్రశ్నలు అడిగారు.

"సార్, గీ మిషన్ వచ్చినంక నన్ను తీసేస్తరా?"

"లేదు భాయ్. మీరు చెప్పిందే అది రాసుకుంటది."

"నేను చెప్పిందంత రాసుకుంటదా?"

"అంత."

"చూద్దాం మల్ల" అని నవ్వారు.

ఫ్లాపీ బస్సెక్కిన వారం

తప్పు గురించి చెప్పే ముందు ఒక ఒప్పు గురించి చెప్పనివ్వండి. ఈ పనిలో ఉన్న ఆనందం తెలియకపోతే మీరు తప్పుల్ని తట్టుకోలేరు.

ఆ రోజుల్లో సెంటర్లకు దిక్కు టెలిఫోన్ లైను. మోడెం కూతపెట్టి, గురగురలాడి, రెండుసార్లు తెగి, మూడోసారి కలిసేది. ఆఫీసులో చాలామంది అన్నీ హైదరాబాద్ పెద్ద మెషిన్‌లోనే ఉండాలి, సెంటర్లు లైన్ మీద దాంతో మాట్లాడుతూ పనిచేయాలి అన్నారు. నేను ఒప్పుకోలేదు. సెంటర్ తన పని తాను పూర్తిగా చేసుకోవాలి, ఆ రోజు జరిగినదంతా ఒక కట్టగా కట్టి ఉంచాలి, కట్ట ఎప్పుడు ఏ దారిన చేరినా, రెండుసార్లు చేరినా, హైదరాబాద్‌లో ఒక్కసారే ఎక్కాలి. కొట్లాడి అలాగే గీశాను.

వ్యవస్థ మొదలైన నెలలోనే వనపర్తిలో రోడ్డు తవ్వుతూ ఫోను కేబులు తెంపేశారు. వారం దాకా లైను రాదన్నారు. విత్తనం వచ్చే రోజులు. ఆఫీసులో అందరూ నా వైపు చూశారు. నేను వనపర్తికి ఫోను చేయబోతే లైనే లేదు కదా. పక్క వీధి ఎస్టీడీ బూతు నుంచి సెంటర్ ఆపరేటరే చేసి అడిగాడు: "సార్, కట్టను ఫ్లాపీల ఎక్కించి బస్సు డ్రైవర్‌కిచ్చి పంపుతె మీ మిషన్ తీసుకుంటదా?"

తీసుకుంది! పాలిథిన్ కవరులో చుట్టిన ఫ్లాపీ, పల్లీల వాసనతో, వారం రోజులు వరుసగా హైదరాబాద్ బస్టాండులో దిగింది. ఒక రోజు అదే ఫ్లాపీ పొరపాటున రెండుసార్లు వచ్చింది. వ్యవస్థ రెండోదాన్ని చూసి 'ఇది వచ్చేసింది' అని పక్కన పెట్టింది. దారి మారినా లోపలి సరుకు మారలేదు. ఆ మధ్యాహ్నం నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. ఆఫీసు వరండాలో అటూ ఇటూ తిరిగాను. గోడ కట్టినవాడికి ఆ గోడ మొదటి వాన తట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ వారం తర్వాత నాకు నా మీద నమ్మకం బాగా పెరిగిపోయింది. కావాల్సిన దానికంటే ఎక్కువ.

కొట్టేసిన వరుస

ఇక తప్పు. అది మూడు ముక్కల్లో జరిగింది. ఏ ముక్కకా ముక్క చూస్తే తెలివైనదే.

మొదటి ముక్క. సెంటర్లలో అడిగి, గుర్తుపెట్టుకోవాల్సిన వివరాల పట్టిక రాశాను. నలభై ఒక్క వరుసలు. ముప్పై ఏడోది గౌస్ భాయ్ రాయించారు.

"సార్, సంచి కుట్టిన దారం రంగు గూడ రాసుకోండ్రి. మాది పచ్చ దారం. గద్వాలది ఎర్ర దారం. వనపర్తిది తెల్లది."

"దారం రంగు కంప్యూటర్‌కెందుకు భాయ్?"

"కంప్యూటర్‌కెందుకో నాకు తెల్వదు. నాకైతె అదే కావాలె."

రాసుకున్నాను. హైదరాబాద్ వచ్చాక కొట్టేశాను. దారం రంగు చెప్పేది సెంటర్ పేరేగా. సెంటర్ పేరు మాత్రం ఎందుకు? రైతు ఊరు ఎలాగూ రాస్తున్నాం. ఏ ఊరు ఏ సెంటర్ కిందికి వస్తుందో పట్టిక ఉంది. ఊరు తెలిస్తే సెంటర్ తెలిసిపోతుంది. తెలిసిపోయేదాన్ని మళ్లీ రాయకూడదని మాకు చదువులో నేర్పారు. రెండు చోట్ల రాస్తే ఎప్పుడో ఒకప్పుడు తేడా వస్తుంది. అందుకని సెంటర్ గడి కూడా తీసేశాను. మూర్తి గారు కూడా మెచ్చుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్రతి సెంటరూ రైతు తెచ్చిన సరుకుకు తన సొంత లాట్ నంబరు ఇచ్చేది, ఒకటి నుంచి మొదలుపెట్టి. అంటే 114 అనే లాటు గద్వాలలో ఒకటి, వనపర్తిలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో ఒకటి. సంచి మీద 114 అని మాత్రమే ఉండేది. ఏ సెంటర్ 114 అన్నది దారం చెప్పేది.

రెండో ముక్క. వనపర్తి పాత కాగితాల్లో ఊరు ముందు, పేరు తర్వాత ఉండేవి. టైపు చేసేవాళ్లు అలవాటుకొద్దీ పేరు గడిలో ఊరు, ఊరు గడిలో పేరు కొట్టేవారు. రోజూ పదో పరకో తిరగబడి వచ్చేవి. నేనొక నియమం రాశాను: పేరు గడిలో ఉన్నది ఊళ్ల పట్టికలో కనిపించి, ఊరు గడిలో ఉన్నది ఆ పట్టికలో కనిపించకపోతే, రెండూ తారుమారయ్యాయన్నమాట. తిప్పెయ్యి. ఒకే ఊరిని ఇంగ్లీషు అక్షరాల్లో ఆరు రకాలుగా కొట్టేవారు. ఆరూ పట్టుకునేలా రాశాను. ఎంత బాగా పనిచేసిందని! ఒక్క రోజులో వనపర్తి చిక్కంతా విడిపోయింది. ఆ నియమాన్ని మూడు సెంటర్లకూ పెట్టేశాను.

మూడో ముక్క. పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడు, ఏ లాటుతోనూ జతపడని ఫలితం ఉంటే దాన్ని 'జత దొరకనివి' అనే జాబితాలో వేయించాను. ఆ జాబితా ఎవరు చూస్తారు? ఆ ఒక్క బాణం మీద మాత్రం మనిషిని నిలబెట్టడం మర్చిపోయాను.

ఏ లిస్టులోనూ లేని మనిషి

మొదటి సీజన్ చివరికొచ్చింది. మూడు సెంటర్ల విత్తనమూ గద్వాల పెద్ద గోదాముకు చేరింది. పరీక్ష ఫలితాలు ఎక్కాయి. పాసైన జాబితా, ఫెయిలైన జాబితా అచ్చయ్యాయి. ఫెయిలైన సంచుల్ని షెడ్డు బయట సెంటర్లవారీగా గుట్టలు పేర్చారు. నూనె మిల్లు లారీ మధ్యాహ్నానికి వస్తుంది. మూర్తి గారూ నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాం. జాబితాలు కాగితం మీద చూసి నాకు గర్వంగా ఉంది.

పదకొండు గంటలకు గౌస్ భాయ్ వచ్చారు. వెంట ఒక రైతు. నలభై దాటిన మనిషి, బక్కగా, తలకు తువ్వాల. నాగర్‌కర్నూల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చారట.

"సార్, జర పరేషాన్ అయింది" అన్నారు గౌస్ భాయ్. "గీయిన మా సెంటర్‌ల నూట పద్నాలుగో లాట్ ఇచ్చిండు. మాకొచ్చిన పాస్ లిస్టుల గీయిన లేడు. సరే ఫెయిలేమో అని అది చూసిన. అండ్ల గూడ లేడు."

"ఏదో ఒక దాంట్లో ఉండాలె భాయ్."

రైతు ముందుకు వచ్చాడు. "సారూ, ఫెయిలైతె ఫెయిల్ అని చెప్పుండ్రి. ఏడుస్త, ఇంటికి పోత. పాసూ గాదు, ఫెయిలూ గాదంటె మా ఇంటిదానికి నేనేం చెప్పాలె? పొద్దుమాపు పువ్వులు గిల్లి దాని వేళ్లు ఇంకా నల్లగనే ఉన్నయ్. నేను వేసిన్నా లేదా అని మా ఊరోళ్లు నవ్వుతున్నరు."

నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పెద్ద పనేం కాదు, వెతికితే దొరుకుతాడు.

"నీ పేరేందన్నా?"

"బీచుపల్లి."

"ఊరు గాదు, పేరు."

"పేరే సారూ."

"బీచుపల్లి అంటే కృష్ణ ఒడ్డున హైవే పక్కనున్న ఊరు గద?"

"ఆ ఊరే. ఆడి ఆంజనేయునికి మా అవ్వ మొక్కుకుంటె పుట్టిన. అందుకె బీచుపల్లి అని పెట్టిండ్రు. ఊరు రాళ్లకుంట, లింగాల అవతల. నువ్వు ఈడోనివేనంట, గౌస్ భాయ్ చెప్పిండు. గీ పేరు ఎన్నడు ఇనలేదా?"

వినలేదని చెప్పబోయి ఆగిపోయాను. రాళ్లకుంట చిన్న పల్లె, మా ఊళ్ల పట్టికలో లేదు. బీచుపల్లి ఉంది. పేరు గడిలో ఊరు, ఊరు గడిలో పట్టికలో లేని మాట. నా నియమానికి సరిగ్గా కావాల్సింది అదే. పేరు గడిలో బీచుపల్లి అని వెతకడం మాని, రాళ్లకుంట అని కొట్టాను.

వచ్చింది. రైతు పేరు: రాళ్లకుంట. ఊరు: బీచుపల్లి. సెంటర్: గద్వాల. లాటు: 114. ఫలితం: ఫెయిల్.

గౌస్ భాయ్ భుజం మీదుగా చదివారు. "రాళ్లకుంట అనేటోడు ఎవడు సార్?"

"ఈయనే" అన్నాను.

"ఏంది?" అన్నాడు బీచుపల్లి. "నా పేరు మీ మిషన్ల తిప్పి రాసిండ్రా?"

మిషన్ అని తప్పించుకోవచ్చు. మూర్తి గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

"మిషన్ గాదన్నా. నేనే తిప్పిన."

పచ్చ దారం

అయితే ఆ ఫెయిల్ ఎవరిది? గద్వాలలో అసలైన 114 ఇంకొకరిది. ఊరు మారడంతో ఈయన 114 కూడా గద్వాల 114 అయిపోయింది. ఒకే నంబరున్నా ఊళ్లు వేరు కాబట్టి మెషిన్ అడ్డు చెప్పలేదు. గద్వాల 114కు ఫెయిల్ ఫలితం రాగానే ఇద్దరికీ వేసేసింది. ఇదంతా నాకు అర నిమిషంలో తోచింది. తోచడం వేరు, రుజువు చేయడం వేరు.

"సార్, లారీ ఆపాలి" అన్నాను.

మూర్తి గారు జాబితా పైకెత్తి చూపించారు. "దీని మీద ల్యాబ్ సంతకం ఉంది, నా సంతకం ఉంది. పేరు తిరగబడింది, ఒప్పుకున్నాను. విత్తనం మంచిదని ఎలా చెబుతావు? అది కూడా ఫెయిలై ఉండొచ్చుగా. చెడ్డ విత్తనం ఒక్క సంచి బయటికెళితే వచ్చే ఏడు నాటుకున్నవాడి గతేంటి?"

ఆయన అన్నది సబబే. ఆ మాట నాకు అప్పుడు కోపం తెప్పించింది, ఇప్పుడు తెప్పించదు.

బయట లారీ హారన్ వినిపించింది. గౌస్ భాయ్ అప్పటికే షెడ్డు వైపు నడిచారు. మేమూ వెనకే వెళ్లాం. గద్వాల గుట్ట నా కంటే ఎత్తుంది. ఆయన దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, వంగి, మూతి కుట్లు చూస్తూ, చెయ్యి పెట్టి ఆపారు.

"గివి సూడుండ్రి సార్. అన్ని ఎర్ర దారం. గీ వరుస పచ్చ దారం. నేను కుట్టినయ్. గద్వాలోళ్ల గుట్టల నా సంచులకేం పని?"

ఆ వరుస మీదా పక్క వరుస మీదా 114 అనే ఉంది; జాబితాలో 114 రెండుసార్లు ఉండటంతో హమాలీలు నంబరు చూసి రెండు లాట్లూ తెచ్చి పేర్చారు. దారం ఒక్కటే వేరు. నేను కొట్టేసిన ముప్పై ఏడో వరుస నా ముందు నిలువెత్తున పేర్చి ఉంది.

బీచుపల్లి వెళ్లి ఆ పచ్చ దారం సంచులకు ఆనుకుని కూర్చున్నాడు. లారీ డ్రైవరు దిగి, "ఏ, లేవే పెద్దాయనా, ఎక్కించాలె" అన్నాడు.

"నన్ను గూడ ఎక్కియ్యి. మిల్లుల నూనె తియ్యి" అన్నాడు బీచుపల్లి.

డ్రైవరు మా వైపు చూశాడు. గౌస్ భాయ్ ఎంతో నెమ్మదిగా, "సంచులు తూకం పెట్టంగనే పంపుత అన్నా. కాంట తాళం దొరుకుతలేదు. చాయ్ తాగిరా పో" అన్నారు. తాళం ఆయన జేబులో ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

రుజువు ఎక్కడుంటుంది? శాంపిల్ సంచి మీద గౌస్ భాయ్ చేత్తో సెంటర్ పేరు, నంబరు రాసేవారు. ల్యాబు ఆ పేరుతోనే ఫలితం పంపి ఉండాలి. నాగర్‌కర్నూల్ 114 అనే ఫలితం వచ్చి ఉండాలి. దాన్ని వేసుకునే లాటు వ్యవస్థలో లేదు. అప్పుడు అది ఎక్కడికి పోతుంది?

నేను పరుగెత్తాను. 'జత దొరకనివి' జాబితాను అప్పటిదాకా ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు. అందులో అయిదు వరుసలున్నాయి. మూడోది: నాగర్‌కర్నూల్, 114, పాస్.

అచ్చు వేస్తుంటే ప్రింటరు ఒక్కొక్క గీతా గీరుతూ, జన్మలో ఎన్నడూ లేనంత నెమ్మదిగా కదిలింది. కాగితం చింపుకుని బయటికి తెచ్చి మూర్తి గారి చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు. జేబులోంచి పెన్ను తీసి, ఫెయిలైన జాబితాలో ఆ వరుస కొట్టేసి, పక్కన సంతకం చేశారు.

"ఇది అయిపోయింది. మిగతా నాలుగు ఎవరివి?"

నేను ఆ నాలుగు వరుసల పక్కనా ప్రశ్నార్థకాలు పెట్టాను.

"అవి తేలేదాకా ఈ గుట్టల్లోంచి ఒక్క సంచి కదలదు" అని, లారీ డ్రైవర్ని ఆయనే వెనక్కి పంపారు.

సాయంత్రానికి నాలుగూ తేలాయి. రెండు టైపు తప్పులు. ఇంకో రెండు, బీచుపల్లి అనే పేరున్న మరో ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరూ పాసే.

మా చిన్నాయన పేరు

ఇంత మామూలు పేరు నాకెలా తెలియలేదు? బయటివాడు ఎవడైనా ఈ తప్పు చేస్తే అర్థం ఉంది. నేను ఇక్కడే పుట్టి పెరిగాను. ఆ సాయంత్రం గద్వాల ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోను చేశాను. మా నాన్న తమ్ముడు పిండిమర నడుపుతాడు, మా వైపు గిర్ని అంటారు. ఊరంతటికీ గిర్నాయన, నాకు చిన్నాయన.

"అమ్మా, చిన్నాయన అసలు పేరేంది?"

"బీచుపల్లే గదరా. రేషన్ కార్డు మీద గదే ఉంటది. ఏం, ఇప్పుడెందుకొచ్చింది?"

ఇరవై ఆరేళ్లు చిన్నాయన అనే పిలిచాను. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవం కదా. వరసతో పిలిచి పిలిచి, ఆ వరస వెనక ఒక పేరుందన్న సంగతే మర్చిపోయాం. మన ఇళ్లలో గౌరవంగా అనిపించే అలవాటు, నా చేతిలో ఒక మనిషిని ఊరుగా మార్చేసింది. ఈ ప్రాంతం నాకు తెలుసు అన్న ధీమా లేకపోతే, ఆ నియమం రాసేముందు ఎవరినైనా అడిగేవాణ్ణి.

మీకోసం, ముక్కుసూటిగా

ఆ తర్వాత నేను మార్చినవి చెబుతాను. వీటిని పాఠ్యపుస్తకంలో కాదు, షెడ్డు బయట నేర్చుకున్నాను.

ఒక వస్తువును గుర్తుపట్టే గుర్తు, మారగలిగే వివరం మీద ఆధారపడకూడదు. ఊరు మారవచ్చు, తప్పుగా పడవచ్చు, ఎవడో తెలివైనవాడు దిద్దవచ్చు. లాటు పుట్టిన చోటనే దానికి సెంటర్‌తో కలిపిన గుర్తు ఇచ్చి, చివరిదాకా దాన్నెవరూ ముట్టుకోకుండా చేశాం. మళ్లీ రాయకూడదని నేర్పిన చదువు తప్పు కాదు. ఏది ఏ మాటకు మరో రూపమో నిర్ణయించేది నేనే అనుకోవడం తప్పు.

మనుషుల పేర్లను మెషిన్ దిద్దకూడదు. అనుమానం వస్తే చూపించి అడగాలి. అడగడానికి గౌస్ భాయ్ ఉన్నారు.

'జత దొరకనివి' జాబితాను ప్రతి రిపోర్టుకు మొదటి పేజీ చేశాను. అది ఖాళీగా లేకపోతే మిగతా పేజీలు అచ్చు కావు. వ్యవస్థ తనకు తెలియనిదేమిటో ముందు చెప్పాలి, తెలిసింది తర్వాత చెప్పొచ్చు. నా తొమ్మిదేళ్లలో నేను గీసిన వాటిల్లో నాకు బాగా నచ్చినది ఇదే.

ఇంకో మాట, కాస్త కఠినంగా. పనిచేసే మనిషి "నాకైతె అదే కావాలె" అంటే, కారణం చెప్పలేకపోయినా కొట్టేయకండి. కారణం చెప్పడం ఆయన పని కాదు, కనుక్కోవడం మీ పని. ముప్పై ఏడో వరుస వెనక్కి వచ్చింది. 'దారం రంగు' అనే గడి పెట్టాను. ఆఫీసులో కొందరు నవ్వారు. గౌస్ భాయ్ మాత్రం, "మొత్తానికి చెప్పింది రాసుకున్నది సార్ మీ మిషన్" అన్నారు.

గీత

ఆ రోజు సంగతి ఒకటి మిగిలింది.

బీచుపల్లి వెళ్లే ముందు కంప్యూటర్ గదిలోకి వచ్చి నిలబడ్డాడు. నాగర్‌కర్నూల్ బస్సుకు టైమవుతోందని గౌస్ భాయ్ బయట నుంచి పిలుస్తున్నారు. అతను కదలలేదు.

"సారూ, ఇప్పుడు గీ మిషన్ల నేను యాడున్న?"

స్క్రీన్ అతని వైపు తిప్పాను. అప్పటికే చేత్తో దిద్ది పెట్టాను. అతనికి ఆ అక్షరాలు రావు. నేను వేలు పెట్టి చూపించాను.

"ఇది నీ పేరు, బీచుపల్లి. ఇది నీ ఊరు, రాళ్లకుంట. ఇది పాస్."

పాస్ అన్న చోట చాలాసేపు చూశాడు. ఆ తర్వాత పేరు గడికీ ఊరు గడికీ మధ్య నిలువుగా ఉన్న సన్నని గీత మీద వేలు పెట్టాడు.

"గీ గీత ఎందుకు?"

"పేరూ ఊరూ కలిసిపోకుంట."

అతను తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"జర గట్టిగ గియ్యి సారూ" అన్నాడు.